ఆ రోజు ఆయన సభలో ఉండి ఉంటే

నాకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఇది: నా కూతురు ఏదో ఒకరోజు నన్నూ మా అక్కనీ పక్కపక్కన నిలబెట్టి చూసుకుని, అక్క చెయ్యి పట్టుకుంటుందని. జ్వరాలు, కొండరోడ్డు మీద మంచు, మా ఆయన వెస్ పనిచేసే జైల్లో కొట్లాటలు, అన్నీ దాని తర్వాతే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆ అక్టోబరులో నేను చేసిందంతా ఈ భయంతోనే చేశాను గనక ముందు దీన్నే చెప్పాలి.

ఆ నెల మొదటి రోజున ప్రభుత్వం మూతపడింది. వాషింగ్టన్‌లో రెండు పక్షాలకీ ఖర్చుల బిల్లు దగ్గర కుదరలేదు, షట్‌డౌన్ అన్నారు. వేరే ఊళ్ళలో దానికి ఏం అర్థముందో నాకు తెలీదు. వెస్ట్ వర్జీనియా కొండల్లో మా డన్‌మోర్ ఫోర్క్‌లో మాత్రం దానర్థం జైలే. బొగ్గు గనులు పోయాక మాకు మిగిలిన పని అదొక్కటే, కేంద్ర ప్రభుత్వ జైలు. ఖైదీల్ని ఇళ్ళకి పొమ్మనలేరు కాబట్టి గార్డులు డ్యూటీకి రావాల్సిందే. జీతం మాత్రం ప్రభుత్వం తెరిచాక. వెస్ పన్నెండు గంటలు కాపలా కాసి ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూలబడేవాడు.

"వాళ్ళూ లోపలే ఉన్నారు, నేనూ లోపలే ఉన్నాను. వాళ్ళకైతే వేళకి భోజనం వస్తోంది," అనేవాడు.

మా అక్క మారిబెత్ నాకంటే పదకొండేళ్ళు పెద్దది. నేను పదకొండో తరగతిలో కడుపుతో బడి మానేశాను. తను కాలేజీ చదివి, వాషింగ్టన్ సభలో మా ప్రాంతానికి ప్రతినిధి అయిన గ్రాంట్ లెడ్‌బెటర్ గారి ఊరాఫీసులో చేరింది. ఫోన్లెత్తడం, ఉత్తరాలకి జవాబులు రాయడం తన పని. ఆయన వీడియోల్లో చెప్పే మాటలు కూడా చాలావరకు తను రాసినవే. పెళ్ళి చేసుకోలేదు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు బిళ్ళ. మా ఓపల్‌కి నాలుగున్నరేళ్ళు. పెద్దమ్మ కారు ఇంకా మలుపులో ఉండగానే చప్పుడు గుర్తుపట్టి గుమ్మంలోకి పరిగెత్తేది. నేను కొట్టుకెళ్ళి వస్తే బొమ్మలమీంచి తలైనా ఎత్తదు.

శుక్రవారం సాయంత్రాలు అక్క వచ్చేది. షట్‌డౌన్ మొదలైన రెండో శుక్రవారం రెండు చేతులా రెండు కాగితం సంచులు మోసుకొచ్చింది. డబ్బా బీన్సు, మాకరోనీ, వేరుశెనగ ముద్ద, ఒక సంచి ఆపిల్ పళ్ళు.

"ఇవన్నీ ఎందుకు? ఇక్కడేం మాడి చస్తున్నామా?" అన్నాను.

"నీక్కాదులే. ఓపల్‌కి తెచ్చాను."

"ఓపల్‌కి వండి పెట్టేది ఎవరనుకున్నావు?"

"నువ్వే తల్లీ. కాదన్నానా? ఏమే, మొహం అలా పెట్టావు?"

"నా మొహం అంతే. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నావుగా."

అక్క నవ్వి ఓపల్‌ని ఒళ్ళో కూచోబెట్టుకుంది. ఓపల్ ఆ మెడలో బిళ్ళతో ఆడుకుంటూ, "పెద్దమ్మా, ప్రభుత్వం తలుపులు మూసేశారట కదా? మరి మా నాన్న లోపలే ఉండిపోయాడా?" అంది.

అది పొద్దుట నన్నూ అదే అడిగింది. "లేదమ్మా, సాయంత్రం వస్తాడు, పాలు తాగు," అన్నాను నేను. అక్క మాత్రం దాని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత బ్యాగులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది. సరుకుల జాబితా అనుకున్నాను.

మంగళవారం వెస్ నిద్ర లేచి ఫోన్ చూస్తూ, "షెల్బీ, ఇలా రా," అని పిలిచాడు. లెడ్‌బెటర్ గారు జైలు కంచె ముందు నిలబడి ఉన్నారు. చొక్కా చేతులు మోచేతులదాకా మడిచారు. గాలికి జుట్టు చెదిరింది. "ఈ కంచె వెనక ఒక తండ్రి జీతం లేకుండా కాపలా కాస్తున్నాడు," అన్నారు. "మొన్న ఆయన చిన్నకూతురు అడిగింది: ప్రభుత్వం తలుపులు మూసేశారట కదా, మరి మా నాన్న లోపలే ఉండిపోయాడా అని. ఆ పాపకి నేనేం జవాబు చెప్పను?" ఇక్కడ ఆయన గొంతు కాస్త బొంగురుపోయింది. "ఈ మూత తీసేదాకా నా జీతం నేను ముట్టుకోను. మన గార్డుల పక్కన నిలబడతాను."

వెస్ ముక్కు ఎగబీల్చాడు. "భలే మాట కదా. అచ్చం మన ఓపల్ అన్నట్టే ఉంది."

"అన్నట్టు కాదు. అది ఓపల్ అన్నదే."

"అవునా? అయితే మన పిల్ల గొప్పదైపోయింది. పన్నెండు వేలమంది చూశారు."

"నన్ను అడిగిందా, మా అక్క?"

"మాట ఓపల్‌దైతే నిన్నెందుకు అడగాలి?"

వాడుకున్నందుకు కోపం రాలేదు. అదే మాట నా చెవిన కూడా పడింది, నేనేమో పాలు తాగమన్నాను. అది దాచుకోదగ్గ మాట అని అక్కకి తెలిసింది, కన్నతల్లికి తెలీలేదు. అక్కడ మండింది నాకు. ఆ రోజంతా అంట్లు గట్టిగా తోమాను.

మర్నాడు లెడ్‌బెటర్ ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడ పద్ధతి ఏమిటంటే, ఎవరు ఫోన్ చేసినా పేరు, పిన్‌కోడ్ రాసుకుని, ఆయన చేస్తున్నదానికి అనుకూలమో వ్యతిరేకమో ఒక గీత పెడతారు. వారం చివర ఆ గీతలు కూడి వాషింగ్టన్ పంపుతారు. నేను గొంతు వణికించి ముసలిదానిలా మాట్లాడాను.

"నేను మిసెస్ ప్రూయిట్‌ని. వెనక లోయలోంచి."

"చెప్పండి మిసెస్ ప్రూయిట్ గారూ. ఈ రోజు మీకేం సాయం చెయ్యగలం?" అంది అక్క, ఆఫీసు గొంతుతో. ఆ గొంతు ఎంత మెత్తగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

"మీ ప్రతినిధి చంటిపిల్లల మాటలు దొంగిలిస్తున్నాడు. అది రాసుకోండి."

అవతల కాగితం మీద పెన్ను గీసిన చప్పుడైంది. తర్వాత, "షెల్బీ, స్టవ్ మీద ఏదో పొంగుతున్న చప్పుడొస్తోంది. ముందు అది చూసుకో," అంది.

నిజంగానే బీన్సు పొంగి స్టవ్ నిండా పారుతున్నాయి. "నేను మిసెస్ ప్రూయిట్‌ని," అన్నాను మళ్ళీ.

"అలాగేనండీ. వ్యతిరేకం అని గీత పెట్టాను. ఓపల్‌కి నా ముద్దులని చెప్పండి."

బట్టలుతికే దుకాణంలో వెర్నా మామ్మ కనిపించింది. ఆమె బడి లైబ్రరీలో ముప్పైయేళ్ళు పనిచేసి రిటైరైంది. ఇప్పుడు చర్చి కింది గదిలో బీదవాళ్ళకి సరుకులిస్తుంది. మిషన్ తిరుగుతుంటే నేను ఆ వీడియో చూపించి నా గోడు వెళ్ళబోసుకున్నాను. మామ్మ కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది.

"ఆయన చెప్పేది వింటావేమే పిల్లా. ఆయన వేసింది చూడు."

"ఏం వేశాడు?"

"ఓటు. సభలో ప్రతి ఓటుకీ ఓ నంబరుంటుంది. ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు, ఎవరు రాలేదు, పేర్లు వరసగా ఉంటాయి. దాచలేరు. జనం చూడరు, అంతే." ఆమె ఫోన్లో అక్షరాలు పావలా బిళ్ళంత ఉన్నాయి. "ఎల్ అక్షరం దగ్గరికి పో. చదువు."

నేను నెమ్మదిగా చదువుతాను. వేలు పెట్టుకుని చదువుతాను. మామ్మ మిషన్లోంచి దుప్పట్లు తీసి, ఆరేసి, మడతపెట్టేదాకా చదివాను. ఓపల్ రంగులేసిన బాతుబొమ్మ కాగితం వెనక రాసుకున్నాను.

ప్రభుత్వాన్ని ఏడు వారాల పాటు తెరిచే బిల్లు: లెడ్‌బెటర్, కాదు. ఆ సాయంత్రం ఆయన ఇంటర్నెట్లో పెట్టిన మాట, "తెరిపించడానికి పోరాడుతున్నాను."

గార్డులకీ సైనికులకీ ముందు జీతమిచ్చే బిల్లును చర్చకి తేవాలా: కాదు. ఆ సాయంత్రం, "మన గార్డుల పక్కనే ఉన్నాను."

సభను సోమవారం దాకా వాయిదా వెయ్యాలా: అవును. ఆ సాయంత్రం గుమ్మడికాయల తోటలో మనవడితో ఫోటో.

బుధవారం అదే గార్డుల బిల్లు ఎలాగో ఓటుకొచ్చింది. రెండు వైపులా సమానంగా పడ్డాయి. సమానంగా పడితే బిల్లు ఓడినట్టే. లెడ్‌బెటర్ పేరు పక్కన, ఓటు వేయలేదు. ఆ సాయంత్రం, "గార్డుల జీతాలకి నా మద్దతు సభ రికార్డులో నమోదైంది."

"ఓటే వెయ్యనివాడి మద్దతు ఎక్కడ నమోదైంది మామ్మా?"

మామ్మ ఇంకో పేజీ తెరిచింది. సభలో జరిగింది రోజూ అచ్చేసే పత్రిక అది. లెడ్‌బెటర్ గారి పేరుతో రెండు లైన్లున్నాయి: నేను సభలో ఉండి ఉంటే 'అవును' అని ఓటు వేసి ఉండేవాణ్ణి.

నేను దాన్ని మూడుసార్లు చదివాను. ఆ లైన్లు ఎవరు రాసి ఉంటారో చెప్పక్కర్లేదు. పండు కొరికినట్టు తీయగా ఉందప్పుడు నాకు. పుట్టినప్పట్నుంచీ అక్కకి తెలిసి నాకు తెలీనివే అన్నీ. మొదటిసారి అక్కని ఇరుకున పెట్టేది ఒకటి నా చేతిలో ఉంది, నా దస్తూరీలో.

ఇంటికి వస్తూ చర్చి ముందునుంచి వచ్చాను. సరుకుల కోసం వరస రోడ్డుదాకా సాగింది. అందులో మా అక్క! బిళ్ళ లేదు, కోటు టోపీ నుదుటిదాకా లాక్కుంది. లెడ్‌బెటర్ గారు అంతకు ముందువారమే అక్కడ పెట్టెలు మోస్తూ ఫోటో దిగారు. ఈవిడ కూడా ఫోటోకి తయారైందన్నమాట, బీదవాళ్ళ మధ్యన, అనుకున్నాను. కారాపకుండా వచ్చేశాను.

శుక్రవారం అక్క వచ్చి ఓపల్‌కి జడ వేస్తోంది. నేను బాతుబొమ్మ కాగితం తిప్పి బల్లమీద పెట్టాను.

అక్క చదివింది. జడ వేసే చేతులు ఆగలేదు. "వేలు పెట్టి చదివావా?" అంది.

"ఎలా చదివితే నీకెందుకు? తప్పుందా అందులో?"

"లేదు. ఒక్క తప్పు కూడా లేదు."

"ఆ బుధవారం ఎక్కడున్నాడు మీ ఆయన?"

"మా ఆయనేమిటే! నేను ఆయన ఆఫీసులో పనిచేసేదాన్ని, అంతే." జడ కొసకి రబ్బరు చుట్టింది. తలుపు వైపు చూసింది. వెస్ ఇంకా రాలేదు. "ఎవరితోనూ అనకు, షెల్బీ. ఆఫీసులో ముగ్గురికే తెలుసు. జార్జియాలో ఉన్నాడు. ఎన్నికలకి చందాలిచ్చే ఒకాయన తోటలో. కౌజు పిట్టల వేటకి."

"పిట్టల వేటకా?"

"ఓటు గురువారం అనుకున్నారు. బుధవారానికి జరిపారు. నేను నాలుగుసార్లు ఫోన్ చేశాను, బయల్దేరండి సార్, ఒక్క ఓటు మీద తేలేట్టుంది అని. పొలంలో సిగ్నల్ లేదన్నాడు. సిగ్నల్ లేదని ఫోన్లోనే చెప్పాడు."

ఇద్దరం ఒకేసారి నవ్వాం. చిన్నప్పుడు చర్చిలో నవ్వొచ్చినప్పుడు ఒకళ్ళ మోచెయ్యి ఒకళ్ళం గిచ్చుకునేవాళ్ళం, అలా.

"మరి ఉండి ఉంటే వేసేవాణ్ణని రాసింది?"

"నేనే. అక్కడ అదో ఆనవాయితీ. సభకి రానివాళ్ళు రాయించుకుంటారు. అచ్చులో పడుతుంది. ఓటు కింద లెక్కకి రాదు."

"నీకు నిద్రెలా పడుతుందే?"

"పడటం లేదు," అంది అక్క.

అప్పుడు లేచి అక్క భుజం మీద చెయ్యి వేసేదాన్నే. లేచాను కూడా. ఈలోగా ఓపల్ జడ ముందుకి వేసుకుని చూసుకుంటూ, "అమ్మా, ఇంకనుంచి నువ్వు వెయ్యద్దు. నువ్వు లాగుతావు. రోజూ పెద్దమ్మే వేస్తుంది," అంది.

"నాన్నకి అన్నం పెట్టాలి, లే ఓపల్," అని నేను స్టవ్ వైపు తిరిగాను.

మంగళవారం సాయంత్రం ఆరున్నరకి ఫోన్ మోగింది. ఊళ్ళో అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. అది లెడ్‌బెటర్ గారి టెలిఫోన్ సభ. ఆయన వాషింగ్టన్‌లో కూచుని మాట్లాడతాడు, ఎవరిళ్ళలో వాళ్ళం వింటాం. ప్రశ్న అడగాలంటే స్టార్ నొక్కి మూడు నొక్కాలి. అప్పుడు ముందుగా ఆఫీసువాళ్ళు ఎత్తి, ఏం అడుగుతావో కనుక్కుని, నచ్చితే ఆయనకి కలుపుతారు. నొక్కాను.

"మీ పేరు, ఊరు, అడగబోయే ప్రశ్న చెప్పండి." అక్క గొంతే.

"షెల్బీ. డన్‌మోర్ ఫోర్క్."

"నిజంగా షెల్బీయేనా? మిసెస్ ప్రూయిట్ గారు కాదు కదా?"

"వేళాకోళం ఆపు."

"సరే సరే. ఏం అడుగుతావే?"

"ఓపల్‌కి ప్రభుత్వం ఇచ్చే పాల కార్డు. ఈ మూత ఇలాగే ఉంటే వచ్చే నెలనుంచి ఆపేస్తామని కాగితం వచ్చింది. అది అడుగుతాను."

అబద్ధం కాదు. కాగితం వచ్చింది, ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

"అడుగు," అంది అక్క. గొంతు మారిపోయింది, ఆఫీసు గొంతు పోయి ఇంటి గొంతు వచ్చింది. "మంచి ప్రశ్న. అందరి ముందూ అడిగితే తప్పించుకోలేడు, ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది. నిన్ను మొట్టమొదట పెడతాను. కంగారుపడకు. గట్టిగా ఊపిరి తీసుకుని అప్పుడు మొదలుపెట్టు. సరేనా?"

మొట్టమొదట పెట్టింది. "డన్‌మోర్ ఫోర్క్‌నుంచి షెల్బీ అనే తల్లి లైన్లో ఉన్నారు," అన్నాడు ఎవరో. ఓపల్ నేలమీద బొమ్మలేసుకుంటోంది. నేను ఊపిరి తీసుకున్నాను.

"సార్, మీరు వీడియో తీసుకున్న ఆ కంచె వెనకాల నా భర్త గార్డు. ఆ మాటన్న పాప నా కూతురు. బుధవారం గార్డుల జీతాల బిల్లు ఒక్క ఓటు తక్కువై ఓడిపోయింది. మీ పేరు పక్కన ఓటు వేయలేదని ఉంది. ఆ సమయానికి మీరు జార్జియాలో కౌజు పిట్టలు కొడుతున్నారా, లేదా?"

ఎవరో దగ్గారు. ఆయన ఏదో అనబోయాడు.

"సభలో ఉండి ఉంటే అవునని వేసేవాణ్ణని రాయించారు. రేపు నా భర్త డ్యూటీకి వెళ్ళకుండా, వచ్చి ఉంటే కాపలా కాసి ఉండేవాణ్ణని కాగితం పంపితే మీరు ఒప్పుకుంటారా సార్?"

"షెల్బీ, మీ ఆవేదన నాకు అర్థమైంది. మా సిబ్బంది మీతో మాట్లాడతారు," అన్నారు లెడ్‌బెటర్ గారు. టక్కుమని నా లైను పోయింది.

సిబ్బంది ఎవరూ మాట్లాడలేదు.

మర్నాటికల్లా జిల్లా పేపర్లో పడింది. ఎవరో రికార్డు చేసి పెడితే ముప్పైవేలమంది విన్నారు. జైల్లో గార్డులు వెస్ వీపు చరిచి, "నీ పెళ్ళాన్ని నిలబెట్టరా ఎన్నికల్లో," అన్నారట. వెస్ చాలా రోజుల తర్వాత బూట్లు విప్పుకుని కూచున్నాడు, నా వైపు కొత్తగా చూశాడు. పన్నెండు వేలకంటే ముప్పైవేలు ఎక్కువ కదా అని నేను మనసులో రెండుసార్లు అనుకున్నాను. ఒకటిన్నర రోజు సంతోషంగా ఉన్నాను.

గురువారం మధ్యాహ్నం అక్క వచ్చింది. తను వచ్చే రోజు కాదు. మెడలో బిళ్ళ లేదు. చేతుల్లో సంచుల్లేవు. లోపలికి రాకుండా వరండాలోనే నిలబడింది.

"బాగా అడిగావు," అంది. "ఊపిరి తీసుకున్నావు. వినిపించింది నాకు."

"తీసేశారా?"

"తెలిసిన ముగ్గురిలో ఒకడు ఆయన బావమరిది, ఒకడు అల్లుడు. వాళ్ళకి పెద్దగా వెతుక్కునే పని లేకపోయింది."

"నేను నీ పేరు ఎత్తలేదు."

"ఎత్తలేదు." కోటు జేబుల్లో చేతులు పెట్టుకుంది. "పాల కార్డు గురించి అడగలేదేమే?"

మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను. కాగితం ఫ్రిజ్ మీద నా కళ్ళెదురుగానే ఉంది, ఆ మాటే నోట్లోకి రాలేదు. 

"ఓపల్ ఉందా?" అంది అక్క.

"పడుకుంది," అన్నాను.

వెనక గదిలో ఓపల్ తన కుందేలు బొమ్మకి పాట పాడుతోంది. గట్టిగానే పాడుతోంది. అక్కా నేనూ ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటూ ఆ పాట విన్నాం.

"సరే," అంది అక్క. "పడుకోనీ."

మెట్లు దిగింది. మలుపు తిరిగేదాకా కారు చప్పుడు విన్నాను. ఓపల్ పరిగెత్తుకుంటూ వచ్చి, "పెద్దమ్మ కారు!" అంది. "కాదు, ఇంకెవరిదో," అన్నాను.

ఆ వారం నేనే చర్చికి సరుకులకి వెళ్ళాల్సి వచ్చింది. వెర్నా మామ్మ సంచిలో ఆపిల్స్ వేస్తూ, "మారిబెత్ రాలేదేమే ఈసారి? రెండు కుటుంబాలవి తనే పట్టుకెళ్ళేది," అంది.

"ఫోటోలకి వచ్చేది మామ్మా, సరుకులకి కాదు."

మామ్మ చేతిలో పండు అలాగే ఆగింది. "ఏం ఫోటోలు? ఆఫీసు అవగానే వచ్చి గంటన్నర వరసలో నిలబడేది. ప్రతినిధుల జీతం ఆగదే పిచ్చిదానా, చట్టంలోనే ఉంది. వాళ్ళ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళది ఆగుతుంది, మీ వెస్‌ది ఆగినట్టే. నీకు చెప్పలేదూ?"

చెప్పలేదు. నేను అడగలేదు. పెద్దాయన పక్కన కూచునేదానికి జీతం ఆగుతుందని నాకు తట్టనే లేదు. ఆ సంచుల్లోని మాకరోనీ డబ్బాల మీద చర్చి స్టాంపు ఉండేది. కొట్టువాడి గుర్తు అనుకున్నాను.

నవంబరు రెండో వారంలో ప్రభుత్వం తెరిచారు. వెస్‌కి ఆగిన జీతమంతా ఒకేసారి వచ్చింది. పాల కార్డు ఆగలేదు. ఆఖరి ఓటు నేను వేలు పెట్టి చూశాను. లెడ్‌బెటర్, అవును. ఆ రోజు సభలో ఉన్నాడు. ఆ సాయంత్రం మళ్ళీ కంచె ముందు నిలబడి, "మన గార్డుల జీతాలు సాధించుకొచ్చాను," అన్నాడు. ఆ మాటలు ఎవరు రాశారో గానీ అక్క రాసినంత బాగా లేవు. అది చూసి ఒక్క క్షణం గర్వంగా అనిపించింది నాకు. ఆ గర్వం ఎవరికి చెప్పుకోవాలో తెలీలేదు.

ఓపల్ మొదట్లో రోజూ అడిగేది. తర్వాత శుక్రవారాలు అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది. కారు చప్పుడుకి తల ఎత్తదు. నా దగ్గరే కూచుంటుంది, నా చెయ్యే పట్టుకుంటుంది. ఇదే కదా నాకు కావలసింది.

అక్క ఇల్లు ఖాళీ చేసి ఒహైయో రాష్ట్రంలో కొలంబస్ వెళ్ళింది. క్రిస్మస్‌కి ఓపల్ పేరున ఒక కార్డు వచ్చింది. దాని మీద చిరునామా ఉంది గనక నాకు తెలిసింది. ఏదో పళ్ళ డాక్టర్ల కంపెనీలో ఫోన్లెత్తుతున్నానని ఒక్క లైను రాసింది. ఫిబ్రవరిలో ఓపల్ పుట్టినరోజుకి ఏమీ రాలేదు. ఫోన్ చేస్తే ఈ నంబరు వాడుకలో లేదంటోంది. నేను రాసిన మూడు ఉత్తరాలూ తిరిగి రాలేదు, జవాబూ రాలేదు. వెస్ వెళ్ళి చూసొద్దామంటాడు. బండి కొండలు దాటదని నేనంటాను. బండి దాటుతుంది. నన్ను చూసి తను తలుపు వేసేస్తుందేమోనని నాకు భయం.

మీలో ఎవరైనా కొలంబస్‌లో ఉంటే, ఉత్తరం వైపు, ఫెర్న్‌డేల్ వీధి చివర కింద తాళాలు బాగుచేసే దుకాణం ఉన్న మేడ ఉంది. పైన, వెనకవైపు మెట్లు; వెస్ ఫోన్లో మ్యాప్ తీసి చూపించాడు. మారిబెత్ అని అడగండి. పొడుగ్గా ఉంటుంది, ముప్పై నాలుగేళ్ళుంటాయి, ఎడమ కనుబొమ్మ మీద చిన్న గీత. నేను పంపానని చెప్పొద్దు. దారి తప్పామనండి, మంచినీళ్ళు అడగండి, ఏదో ఒకటి. మీరు తనని చూస్తారు కదా అని ఇది రాస్తున్నప్పుడే నాకు కుళ్ళుగా ఉంది. అయినా వెళ్ళండి. తలుపు తీసిందో లేదో, ఆ ఒక్క మాట నాకు రాయండి.